కోవా బిళ్ళ తినేసిన బాబు గురించి

ప్రశ్న: మా బాబుకి నాలుగున్నరేళ్ళు, ఎల్‌కేజీ చదువుతున్నాడు. రెండు నెలల క్రితం వాళ్ళ స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్‌కి వచ్చిన ఒకాయన ఒక వీడియో చూపించారు. పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, పదిహేను నిమిషాలు తినకుండా ఆగితే రెండోది ఇస్తామని చెబుతారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో, ఉద్యోగంలో, సంసారంలో అన్నిట్లోనూ పైకొచ్చారనీ, ఆగలేనివాళ్ళు వెనకబడ్డారనీ అమెరికా పరిశోధనలో తేలిందట. ఇంటికొచ్చి మా వాడి ముందు పాలకోవా బిళ్ళ పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. అర నిమిషం కాకముందే నోట్లో వేసుకుని, "అమ్మా, ఇంకోటి" అంటూ నా వెనకాలే వచ్చేశాడు. మా తోడికోడలి కూతురిది వీడి ఈడే, ఆ పిల్ల పదిహేను నిమిషాలూ కూర్చుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం పెట్టి చూస్తున్నాను, ప్రతిసారీ తినేస్తున్నాడు. పోయిన వారం కొట్టాను కూడా. ఈ మధ్య ఏదడిగినా ఇప్పుడే కావాలంటున్నాడు. వాళ్ళ నాన్న దసరాకి కొంటానన్న సైకిల్ సంక్రాంతి దాటినా రాలేదని రోజూ ఒకటే ఏడుపు. వాడి భవిష్యత్తు తలుచుకుంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆ పరిశోధన నిజమేనా? ఇలాంటివి పేపర్లో, ఫోన్లో చూసినప్పుడు ఎంతవరకు నమ్మాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు:

అమ్మా,

ముందు మీకు నిద్ర పట్టించే సంగతి ఒకటి చెబుతాను. ఈ మిఠాయి కథకి మూలమైన ప్రయోగం 1970లో అచ్చయింది. అందులో ఇప్పుడే తినగలిగేదీ, ఆగితే దొరికేదీ రెండూ కళ్ళెదురుగా పెట్టి కూర్చోబెట్టిన పిల్లలు సగటున ఆగింది దాదాపు ఒక్క నిమిషం. వాళ్ళదీ మీ వాడి ఈడే. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలోని బింగ్ నర్సరీ స్కూల్ పిల్లలు, చాలామంది ఆ యూనివర్సిటీలో పనిచేసేవాళ్ళ, చదువుకునేవాళ్ళ బిడ్డలు. వాళ్ళు ఆగలేకపోయారని ఆ పరిశోధకులు బెంగపడలేదు, వీళ్ళిక పైకి రారని రాయలేదు. ఎదురుగా కోవా బిళ్ళ ఉంటే నాలుగున్నరేళ్ళ పిల్లలు చాలామంది ఏం చేస్తారో మీ వాడూ అదే చేశాడు.

ఆ ప్రయోగం చేసినాయన పేరు వాల్టర్ మిషెల్. 1930లో వియన్నాలో పుట్టారు. 1938లో నాజీలు ఆస్ట్రియాని ఆక్రమించుకున్నాక కుటుంబంతో సహా అమెరికా వెళ్ళిపోయారు. స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పట్టుకున్న ప్రశ్న ఏ పిల్లలు గొప్పవాళ్ళవుతారన్నది కాదు. ఆగడం ఎప్పుడు తేలికవుతుంది, ఎప్పుడు కష్టమవుతుంది అని ఆయన అడిగారు. ఎబ్బెసెన్ అనే సహచరుడితో కలిసి 32 మంది పిల్లల్ని తీసుకుని, కొందరికి తినేవి రెండూ కనిపించేలా, కొందరికి ఒక్కటే కనిపించేలా, కొందరికి ఏదీ కనిపించకుండా ఏర్పాటు చేశారు. అన్నట్టు, దీన్ని లోకమంతా "మార్ష్‌మాలో పరీక్ష" అంటుంది కానీ, ఆ ప్రయోగంలో మార్ష్‌మాలో అనే ఆ దూదిలాంటి మిఠాయి లేనే లేదు. బిస్కెట్లూ, ప్రెట్జెల్ అనే ఉప్పటి చిరుతిండీ పెట్టారు. మార్ష్‌మాలో 1972 నాటి ప్రయోగాల్లో వచ్చింది, పేరు మాత్రం దానికే దక్కింది.

రాబోయేది కళ్ళెదుట కనిపిస్తూ ఉంటే పిల్లలు ఓపికగా ఆగుతారని వాళ్ళు మొదట అనుకున్నారు. జరిగింది అందుకు పూర్తిగా తలకిందులు. ఏదీ కనిపించని పిల్లలు సగటున 11 నిమిషాలకు పైగా ఆగారు. రెండూ కనిపించిన పిల్లలది, ఇందాక చెప్పిన ఒక నిమిషం. తర్వాతి ప్రయోగాల్లో, సరదా సంగతులు ఏవైనా తలుచుకో అని చెబితే మిఠాయి ఎదురుగా ఉన్నా పిల్లలు చాలాసేపు ఆగగలిగారు. దాన్ని మెత్తటి మబ్బులా ఊహించుకో అని చెప్పినా అంతే.

ఒకే స్కూలు, ఒకే ఈడు పిల్లలు. తినేవి కళ్ళెదుట ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టి ఒక నిమిషం పదకొండు నిమిషాలైంది. ఆ పరిశోధన అసలు చెప్పింది ఇదీ. ఓపిక కొందరికి పుట్టుకతో వచ్చే సొమ్మేమీ కాదనీ, చుట్టూ ఉన్న ఏర్పాటు మారిస్తే అది పెరుగుతుందనీ. మీ స్కూల్లో వీడియో చూపించినాయన దీన్నే తిరగేసి, పిల్లల్ని రెండు రకాలుగా విడగొట్టే పరీక్షగా చెప్పారు. ఆయన్ని కూడా నేను పెద్దగా తప్పుపట్టను. ఆయనకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు.

మరి పెద్దయ్యాక పైకొచ్చారన్న మాట ఎక్కడిది? అదీ గాలిలోంచి పుట్టలేదు. మిషెల్ కూతుళ్ళు ముగ్గురూ ఆ స్కూల్లోనే చదివారు. ఏళ్ళ తర్వాత భోజనాల దగ్గర వాళ్ళ పాత స్నేహితుల కబుర్లు వింటుంటే, అప్పట్లో ఎక్కువసేపు ఆగిన పిల్లలకీ ఇప్పటి చదువుకీ ఏదో పొంతన ఉన్నట్టు ఆయనకి అనిపించింది. అప్పుడు ఆ కుటుంబాలకి ఉత్తరాలు రాసి వివరాలు సేకరించారు. ఆ ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. అంకెల దగ్గర కాస్త నిదానంగా చదవండి. ఆ ప్రయోగాల్లో పాల్గొన్న పిల్లలు మొత్తం 653 మంది. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష మార్కులు దొరికింది 94 మందివి. వాళ్ళలో మిఠాయి కళ్ళెదుట ఉండి, ఎలా ఆగాలో ఎవరూ చెప్పని పిల్లలు 35 మంది. ఆగిన సమయానికీ మార్కులకీ గట్టి సంబంధం కనిపించింది ఈ 35 మందిలోనే. మిఠాయి కనబడకుండా దాచిన పిల్లల్లో, ఆగే ఉపాయం ముందే చెప్పిన పిల్లల్లో అలాంటి సంబంధం కనిపించలేదు. పైగా, పిల్లల సంఖ్య చాలా తక్కువ కాబట్టి ఈ సంబంధం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తూ ఉండొచ్చని ఆ పరిశోధకులే తమ వ్యాసంలో హెచ్చరించారు.

ఆ హెచ్చరిక మీ స్కూలు దాకా రాలేదు. ముప్ఫై అయిదు మంది అన్న మాటా రాలేదు. 1995లో వచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోయిన ఒక పుస్తకం ఈ కథని ఇంటింటికీ చేర్చింది. తర్వాత ఉపన్యాసాలు, టీవీ కార్యక్రమాలు, వ్యక్తిత్వ వికాసం క్లాసులు, ఇప్పుడు రీల్స్. చెయ్యి మారిన ప్రతిసారీ ఒక "కావచ్చు" రాలిపోయింది. ఒక పరీక్ష బిడ్డ తలరాత చెప్పేస్తుందనుకోవడం తన పరిశోధనని తప్పుగా అర్థం చేసుకోవడమేనని మిషెల్ తన చివరి సంవత్సరాల్లో పదే పదే చెప్పారు. 2018లో ఆయన చనిపోయారు. ఆయన దిద్దిన మాట కంటే పాత కథే ఎక్కువ దూరం వెళ్ళింది.

ఇది ఎలా జరుగుతుందో నాకు లోపలి నుంచి తెలుసు. కొన్నేళ్ళు నేను ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. రాత్రి పది దాటాక ఏజెన్సీ నుంచి ఇంగ్లిష్‌లో ఒక వార్త వచ్చేది: ఫలానాదానికీ ఫలానాదానికీ సంబంధం ఉన్నట్టు పరిశోధకులు గమనించారని. పేజీలో మిగిలి ఉండే చోటు నాలుగు వేళ్ళ వెడల్పు. "సంబంధం ఉన్నట్టు గమనించారు" అని రాస్తే హెడ్డింగ్ పట్టదు. "ఫలానాదాని వల్లే" అంటే సరిగ్గా పట్టేది. సంబంధం ఉండటం వేరు, దాని వల్ల జరగడం వేరు. గొడుగులు ఎక్కువగా కనిపించిన రోజున వాన పడుతుంది, అయితే గొడుగుల వల్ల వాన రాదు. ఇది తెలిసి కూడా "వల్లే" అని రాశాను. చివర "పరిశోధనలో తేలింది" అని ముగించేవాళ్ళం. ఆ తేలింది అనే మాట చాలా బరువైనది. కోర్టులో నేరం తేలినట్టు, ఇక మాట్లాడటానికేమీ లేదన్నట్టు వినిపిస్తుంది. పరిశోధకులు మాత్రం తమ వ్యాసాల్లో "ఈ 35 మందిలో ఇలా కనిపించింది, ఇంకా చూడాలి" అని రాసుకుంటారు. మీరు ఈసారి పేపర్లో "తేలింది" అని చదివినప్పుడు, మనసులో దాన్ని "కనిపించింది" అని మార్చుకుని చదవండి. చాలా వార్తలు వాటి అసలు సైజుకి వచ్చేస్తాయి.

తప్పంతా విలేకరులదే అని కూడా అనలేం. బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ వాళ్ళు 20 పెద్ద యూనివర్సిటీలు విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనలు తీసుకుని, వాటిని అసలు వ్యాసాలతోనూ, తర్వాత వచ్చిన వార్తలతోనూ పోల్చి చూశారు. అవన్నీ ఆరోగ్యానికి, మనస్తత్వానికి సంబంధించిన పరిశోధనల మీదివే. 2014లో అచ్చయిన ఆ పోలికలో, 40 శాతం ప్రకటనల్లో పాఠకులకిచ్చే సలహా అసలు వ్యాసంలో ఉన్నదానికంటే పెంచి చెప్పినట్టు కనిపించింది. సంబంధం మాత్రమే చూసిన చోట కారణం అని రాసినవి 33 శాతం. ప్రకటనలో అతిశయోక్తి ఉంటే వార్తలోనూ ఉండే అవకాశం బాగా ఎక్కువైంది. అంటే యూనివర్సిటీ గుమ్మం దాటకముందే మాట సాగడం మొదలవుతోంది. మనస్తత్వ శాస్త్రంలో ఇంకో చిక్కు కూడా ఉంది. 2015లో వందల మంది పరిశోధకులు కలిసి, పేరున్న పరిశోధనా పత్రికల్లో వచ్చిన 100 ప్రయోగాల్ని మళ్ళీ చేసి చూశారు. మొదటిసారి 97 శాతం వాటిలో స్పష్టమైన ఫలితం వచ్చింది. రెండోసారి అది 36 శాతానికి పడిపోయింది. మొదటి ఫలితం మొదటి పేజీలో వస్తుంది. రెండోది ఏ మూలో వస్తుంది, లేకపోతే రాదు.

మిఠాయి విషయంలో ఆ రెండోసారి చూడటం జరిగింది. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ అనే ముగ్గురు 900 మందికి పైగా పిల్లల వివరాలు తీసుకున్నారు. ఈ పిల్లలు ఒకే యూనివర్సిటీ వాళ్ళ బిడ్డలు కారు, అమెరికాలో పది చోట్ల పుట్టినవాళ్ళు. ముఖ్యంగా తల్లులు కాలేజీ డిగ్రీ లేనివాళ్ళయిన పిల్లల మీద దృష్టి పెట్టారు. నాలుగున్నరేళ్ళప్పుడు ఎంతసేపు ఆగారో, 15 ఏళ్ళప్పుడు చదువెలా ఉందో పోల్చారు. సంబంధం కనిపించింది కానీ పాత పరిశోధనలో చెప్పినదాంట్లో సగమే. ఇంటి పరిస్థితి, చిన్నప్పటి తెలివితేటలు, తల్లి చదువు లాంటివి కూడా లెక్కలోకి తీసుకుంటే, ఆ సగంలో మళ్ళీ మూడింట రెండు వంతులు పోయింది. చదువులో కనిపించిన తేడా కూడా ఎక్కువగా కనీసం 20 సెకన్లు ఆగినవాళ్ళకీ, అదీ ఆగనివాళ్ళకీ మధ్యే ఉంది. ఏడు నిమిషాలు ఆగినవాళ్ళకి అదనంగా ఒరిగిందేమీ పెద్దగా కనిపించలేదు. అవే పిల్లలకి 26 ఏళ్ళు వచ్చాక మళ్ళీ చూసి 2024లో రాశారు. ఆ మిఠాయి పరీక్షని బట్టి పెద్దయ్యాక వాళ్ళ జీవితం ఎలా ఉంటుందో నమ్మకంగా చెప్పలేమన్నారు.

2018లో ఏమైందో కూడా చెప్పాలి. కొన్ని పత్రికలు ఈసారి అటువైపు దూకేశాయి. మిఠాయి పరీక్ష అంతా ఉత్తదేనని, డబ్బున్న ఇంట్లో పుట్టడం ఒక్కటే ముఖ్యమని హెడ్డింగులు పెట్టాయి. వాట్స్ బృందం అలా కూడా అనలేదు. చిన్న సంబంధం మిగిలే ఉందని వాళ్ళే రాశారు. పెంచి చెప్పిన కథని కూలగొట్టడానికి మళ్ళీ పెంచి చెప్పడం నాకు బాధగా అనిపిస్తుంది, ఎందుకంటే ఓపిక అనవసరమని అనుకునే తల్లిదండ్రులకి కూడా దానివల్ల నష్టమే. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఇప్పటికీ గమనిస్తూ వస్తున్నారు. వాళ్ళ నిగ్రహానికీ, 32 ఏళ్ళప్పటి ఆరోగ్యానికీ, డబ్బు పరిస్థితికీ సంబంధం కనిపించింది. అయితే ఆ నిగ్రహాన్ని వాళ్ళెలా కొలిచారు? 3 ఏళ్ళ నుంచి 11 ఏళ్ళ దాకా, చాలాసార్లు, తల్లిదండ్రుల్ని అడిగి, టీచర్లని అడిగి, పిల్లల్ని కూడా అడిగి. ఒక ఆదివారం ఒక కోవా బిళ్ళతో కొలవలేదు.

మీకు నిజంగా పనికొచ్చే పరిశోధన ఇంకొకటుంది. దీని కోసమే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. సెలెస్ట్ కిడ్ అనే ఆవిడ, ఇల్లు లేని కుటుంబాలు ఉండే ఒక ఆశ్రయంలో కొంతకాలం సేవ చేశారు. అక్కడి పిల్లల్లో ఒకరి చేతిలో మిఠాయి ఉంటే ఇంకొకరు ఎప్పుడైనా లాక్కుపోవచ్చు. అలాంటి చోట పెరిగే పిల్లలు ఆగుతారా, వెంటనే తినేస్తారా అని ఆవిడకి సందేహం వచ్చింది. రోచెస్టర్ యూనివర్సిటీలో ఇద్దరు సహచరులతో కలిసి 28 మంది పిల్లలతో ప్రయోగం చేశారు. ముందు పిల్లలకి అరిగిపోయిన పాత క్రేయాన్లు ఇచ్చి, కాసేపు ఆగితే మంచివి తెస్తానని చెప్పారు. సగం మందికి చెప్పినట్టే తెచ్చి ఇచ్చారు. మిగతా సగం మంది దగ్గరికి ఉత్త చేతులతో వచ్చి, "సారీ, లేవు" అన్నారు. స్టిక్కర్లతో కూడా మళ్ళీ ఇలాగే చేశారు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు.

మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలు. మొదటి 14 మందిలో 9 మంది చివరిదాకా ఆగితే, రెండో 14 మందిలో ఆగింది ఒక్కరే. ఆ పిల్లల్లో ఓపిక లేదనగలమా? రెండోది వస్తుందో రాదో తెలియనప్పుడు చేతిలో ఉన్నది తినెయ్యడమే తెలివైన పని. ఇదీ 28 మందితో చేసిన చిన్న ప్రయోగమే కాబట్టి, పైన చెప్పిన జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది. దీన్ని కూడా తలరాతగా తీసుకోకండి. కానీ మీ ఉత్తరంలో ఒక వాక్యం చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. దానికి చివర్లో వస్తాను.

మీ తోడికోడలి కూతురి సంగతి. ఆ పాప ఆగింది, మంచిదే. ఆ రోజు కడుపు నిండా తిని ఉండొచ్చు, కోవా అంత ఇష్టం లేకపోయి ఉండొచ్చు, కొత్తచోట బిడియపడి ఉండొచ్చు. అలవాటు కూడా కావచ్చు. 2022లో అచ్చయిన ఒక పోలికలో జపాన్ పిల్లలు తిండి కోసం చాలాసేపు ఆగారు, బహుమతి పొట్లం విప్పడానికి మాత్రం అంతసేపు ఆగలేకపోయారు. అమెరికా పిల్లలు సరిగ్గా దానికి ఎదురు. జపాన్‌లో అందరికీ వడ్డించేదాకా తినకుండా కూర్చోవడం అలవాటు, అమెరికాలో పుట్టినరోజు కానుకల్ని వేళ అయ్యేదాకా విప్పకుండా ఉంచడం అలవాటు. మన ఇళ్ళల్లో వినాయక చవితినాడు ఉండ్రాళ్ళు నైవేద్యం పెట్టేదాకా పిల్లలు ముట్టకుండా ఎలా ఉంటున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. వాసన వస్తూనే ఉంటుంది, గంట గడిచిపోతుంది, అయినా ఆగుతారు. మీ వాడూ ఆగే ఉంటాడు. అందరూ ఆగుతారు కాబట్టి, హారతి అయ్యాక ప్రసాదం తప్పకుండా చేతిలో పడుతుందని వాడికి తెలుసు కాబట్టి.

ఇక ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న. పిల్లల గురించి, మనసు గురించి ఏదైనా చదివి గుండె గుభేలుమన్నప్పుడు, ముందు ఎంతమందిని చూశారో వెతకండి. ఆ సంఖ్య వార్తలో లేకపోతే ఆ వార్తని అక్కడే పక్కన పెట్టొచ్చు. సంఖ్య ఉంటే, ఆ మనుషులు ఎవరో చూడండి. అమెరికాలో కాలేజీ కుర్రాళ్ళ మీద చూసింది తెనాలిలో నాలుగేళ్ళ పిల్లవాడికి అతకాలని లేదు. పరిశోధకుల పేరు, సంవత్సరం ఉంటే పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ సైట్‌లో కొడితే అసలు వ్యాసం పైనే చిన్న సారాంశం దాదాపు ఎప్పుడూ ఉచితంగా కనిపిస్తుంది. ఇంగ్లిష్ కష్టమనిపిస్తే ఇంట్లో కాలేజీ పిల్లలెవరినైనా చదివి చెప్పమనండి, పది వాక్యాలకి మించదు. అందులో వాళ్ళే తమ పరిమితులు చెప్పుకుంటే అది మంచి గుర్తు. "అమెరికా శాస్త్రవేత్తలు" అని తప్ప పేరూ ఊరూ సంవత్సరం ఏవీ లేని ఫార్వర్డ్‌కి ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. ఇంకొకటి, ఇది నా సొంత అభిప్రాయం: ఏ పరిశోధన అయినా వందల మంది సగటు గురించి మాట్లాడుతుంది. మీ ఒక్క బిడ్డ గురించి అది మాట్లాడదు, మాట్లాడటం దాని వల్ల కాదు కూడా.

వాడిని కొట్టినందుకు మీరు బాధపడుతున్నారని మీ ఉత్తరమే చెబుతోంది. ఆదివారం పరీక్ష ఆపెయ్యండి. కోవా చేసినా కొన్నా మామూలుగా పెట్టండి, కొట్టాను, తప్పయింది నాన్నా అని ఒకసారి చెప్పండి. నాలుగేళ్ళ పిల్లలకి ఆ మాట బాగానే అర్థమవుతుంది. ఆగడం నేర్పాలనుంటే మిషెల్ చూపించిన దారిలోనే నేర్పండి. తినకూడని వేళ డబ్బా ఎదురుగా పెట్టకుండా అలమారలో పెట్టండి, ఈలోగా ఒక పాటో ఆటో అందివ్వండి. "అయిదు నిమిషాల్లో ఇస్తాను" అంటే అయిదో నిమిషంలో ఇవ్వండి.

దసరాకి అన్న సైకిల్ సంక్రాంతి దాటినా రాలేదని రాశారు. డబ్బుకి ఇబ్బందై ఉండొచ్చు, వేరే ఖర్చు మీద పడి ఉండొచ్చు. ఏ ఇంట్లోనైనా జరిగేదే. వాడికి మాత్రం ఎవరూ కారణం చెప్పినట్టు లేదు. ఈ ఆదివారం మీవారూ మీరూ కూర్చుని, సైకిల్ ఏ నెలలో కొనగలరో నిజంగా లెక్క వేసుకోండి. ఆ నెలకి ఇంకో నెల కలిపి, గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ వాడి చేతే ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టించండి. ఆ రోజుకి సైకిల్ ఇంట్లో ఉండాలి.